టూహీల చెట్టులో మొదటి కొమ్మ

అనుమానం పెనుభూతం అంటారు గానీ డింప్నా టూహీకి అది పెంపుడు జంతువు. మా కొరోయిట్ ఊళ్ళో ఆవిడ గురించి ఎవరినడిగినా ముందు ఆ మాటే చెబుతారు. పాలవాడు నవ్వితే పాలల్లో నీళ్ళు కలిపాడనుకునేది. చర్చిలో ఫాదర్ దురాశ గురించి ప్రసంగిస్తే తననే అన్నాడని నెల్లాళ్ళు ఆయన మొహం చూడలేదు. అరవై ఎనిమిదేళ్ళొచ్చినా పెళ్ళి చేసుకోలేదు. అడిగినవాళ్ళంతా పొలం కోసమే అడిగారని ఆవిడ నమ్మకం. ఆ పొలం కూడా అలాంటిదే లెండి! పాత అగ్నిపర్వతం విసిరిన నల్లమట్టి, కర్ర గుచ్చినా చిగురేస్తుంది. బంగాళాదుంపలు తనే నాటేది, తనే తవ్వేది.

ఒకప్పుడు తవ్వకాల రోజుల్లో తమ్ముడి వరసైన కాన్ వచ్చి సాయం చేసేవాడు. పైసా తీసుకునేవాడు కాదు. అదే ఆవిడకు మింగుడు పడలేదు. ఊరికే ఎవడు నడుం విరగ్గొట్టుకుంటాడు? ఒక ఏడాది వచ్చినవాణ్ణి గేటు దగ్గరే ఆపేసింది.

"నీ చూపు దుంపల మీద లేదు కాన్, గట్ల మీదుంది. ఇంక రావద్దు" అంది మొహం మీదే.

కాన్ టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ గేటు దాటలేదు. పోయిన చలికాలంలో చచ్చిపోయాడు. ఊరంతా శవం వెనక నడిచింది, డింప్నా నడవలేదు. వెళితే ఆ గుంపులో ఎవరో ఒకరు పొలం సంగతి ఎత్తుతారని భయం.

భయానికి కారణం లేకపోలేదు. ఐర్లండ్ నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళు ముత్తాత మైకేల్, ముత్తవ్వ సబీనా. టూహీల ఇళ్ళల్లో పెద్దకొడుక్కి తండ్రి తండ్రి పేరు పెట్టి తీరాలి, అది తప్పితే పెద్ద తగువే. మైకేల్ తండ్రి పేరు డెనిస్. మరి డెనిస్ అనే పేరు ఎవరికొచ్చింది? రెండోవాడికి, అంటే కాన్ వాళ్ళ తాతకి. పెద్దవాడికేమో లారెన్స్ అని ఉంది, వంశంలో ఎక్కడా లేని పేరు! ఆ లారెన్సే డింప్నా తాత. ఓడలో పక్కవాళ్ళిద్దరూ జ్వరమొచ్చి పోతే, వాళ్ళ పసిబిడ్డ లారెన్స్‌ను సబీనా ఎత్తుకుని పెంచుకుంది. కన్నవాళ్ళు పెట్టిన పేరు మాత్రం మార్చనివ్వలేదు. పెద్దవాడని పొలం కూడా వాడికే రాయించింది. ఈ సంగతి తండ్రి పోయేముందు డింప్నా చెవిలో వేశాడు. "డెనిస్ సంతతికి తెలిసిందా, కోర్టుకెక్కుతారు. కన్నబిడ్డ వాటా కానివాడికెలా పోయిందంటారు. పొలమూ పోతుంది, పేరూ పోతుంది" అన్నాడు. అప్పట్నుంచీ ఆవిడకు కంటినిండా నిద్ర లేదు.

అలాంటి ఇంటికి కాన్ కొడుకు జెరార్డ్ వచ్చాడు, చంకలో చాప చుట్టంత కాగితం పెట్టుకుని. మెల్‌బోర్న్‌లో బడిపంతులు. డింప్నా టీ తాగమని అనలేదు. మాలో అలా అనకపోవడమంటే పొమ్మన్నట్టే. కుర్రాడు పట్టించుకోకుండా బల్ల మీద కాగితం పరిచాడు.

"అత్తయ్యా, ఇదుగో మన వంశవృక్షం. ఆదివారం చర్చి హాల్లో అందరం కలుస్తున్నాంగా, అక్కడ గోడకి కడతాను."

"చెట్టు బాగానే ఉంది. దీని మొదట్లో గొయ్యి తవ్వేదెవరు?"

"గొయ్యేంటి అత్తయ్యా?"

"నూరేళ్ళు లేని ప్రేమ ఇప్పుడు పుట్టుకొచ్చిందేం? ఈ కూపీ లాగమని ఎవరు పంపారు నిన్ను?"

"ఎవరూ పంపలేదు. నాన్న పోయాక పాత సంగతులు చెప్పేవాళ్ళు తగ్గిపోతున్నారనిపించింది." జెరార్డ్ వేలు కాగితం మీద కదిలి మొదటి కొమ్మ దగ్గర ఆగింది. "ఇక్కడ లారెన్స్ తాత గురించి ఏం రాయమంటావు?"

డింప్నా ఆ కొమ్మ మీద అరచెయ్యి కప్పింది. "ఏం రాస్తావు? పెద్దకొడుకు అని రాయి! వేరే ఏముంది? ఏం విన్నావు నువ్వు?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే. జెరార్డ్ ఆవిడ మొహంలోకి చూసి, కాగితం చుట్టేశాడు.

"సరే, ఆ చోటు ఖాళీగా ఉంచుతాను. ఆదివారం నువ్వే చెబుదువుగాని."

వాడటు వెళ్ళగానే ఆవిడకు అంతా అర్థమైపోయినట్టనిపించింది. ఇది ఉచ్చు. వెళ్ళకపోతే వెనక చెప్పుకుంటారు, వెళితే ముందే అడుగుతారు. ప్లీడరు కూడా ఉంటాడేమో! దుంపలు ఏరుతూ తిట్టుకుంది, పొయ్యి ముందు కూర్చుని తిట్టుకుంది. చివరికి తిక్క రేగింది. వాళ్ళు నా నోట్లోంచి లాగడమేంటి, నేనే చెప్పి పారేస్తాను, పొలం తీసుకుంటే తీసుకోనీ, ఈ దొంగబతుకు ఇంక నావల్ల కాదు అనుకుంది.

హాలు కిటకిటలాడుతోంది. జెరార్డ్ ఒక్కో కొమ్మ పేరు పిలుస్తుంటే ఆ సంతతి అంతా లేచి నిలబడాలి. మొదట పిలిచింది లారెన్స్ పేరు. అంత జనంలో లేచింది డింప్నా ఒక్కతే. చేతిసంచీ పొట్టకు అదుముకుని, గొంతు పెంచి చెప్పింది.

"లారెన్స్ మా తాత. మైకేల్‌కీ సబీనాకీ పుట్టినవాడు కాదు. ఓడలో చచ్చిపోయినవాళ్ళ బిడ్డ. నాలో మీ రక్తం బొట్టు కూడా లేదు. ఏం చేసుకుంటారో చేసుకోండి!"

టీ కప్పుల్లో చెంచాలు ఆగాయి. ఇక గొడవ మొదలవుతుందని డింప్నా కళ్ళు గట్టిగా మూసుకుంది. వెనక వరసలో ఎవరో పాలగిన్నె ఇటు జరపమన్నారు. చెంచాలు మళ్ళీ చప్పుడు చేశాయి.

ముందు బెంచీలోంచి కాన్ భార్య ఫిలోమినా అంది. "తెలుసులే వదినా. కూర్చో, టీ చల్లారిపోతోంది."

"తెలుసా? ఎవరికి?"

"ఇక్కడ ఎవరికి తెలీదో చెప్పు. పేరు చూస్తే తెలీడం లేదూ? డెనిస్ తాత ఇంట్లో ఒకటే మాట: మా అమ్మ పెద్దకొడుకంది కాబట్టి వాడే పెద్దకొడుకు. కాదన్నవాడికి నా ఇంట్లో అన్నం లేదని."

డింప్నా బెంచీ అంచు పట్టుకుంది. "కాన్‌కీ తెలుసా? తవ్వకాలకొచ్చేటప్పుడు కూడా?"

"చిన్నప్పట్నుంచీ తెలుసు. ఎవరైనా కదిపితే ఆయనే నోరు మూయించేవాడు. అక్క ఒక్కతే ఉంది, బాధపడుతుంది అనేవాడు."

డింప్నా ఏడ్చింది. జనం చూస్తున్నారని కూడా చూసుకోకుండా, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. "శవం దగ్గరికి కూడా రాలేదు ఫిలోమినా. నా తమ్ముడి శవం దగ్గరికి కూడా రాలేదు నేను."

"రాలేదు" అంది ఫిలోమినా. ఆవిడ గొంతులో మెత్తదనం లేదు. "అది మాత్రం నేను మర్చిపోను."

అని, పక్కకు జరిగి చోటిచ్చింది.