ఎలుకల కోసం ప్రార్థన

నాయన మూత్రపిండాలు చెడిపోయి మార్కాపురంలో డయాలసిస్ మొదలైన ఏడాదే తమ్ముడికి ఉద్యోగం వచ్చింది. హైదరాబాదు దగ్గర ఒక మందుల పరిశోధన కంపెనీ, అందులో జంతువులను ఉంచే విభాగం. కొత్త మందు ఏదైనా మనిషి నోటిదాకా రావాలంటే ముందు అక్కడి ఎలుకలనూ కుక్కలనూ దాటాలి. అంత కష్టంలోనూ ఇంటికి ఒక జీతం చూపించినందుకు దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను.

నాయనకు ఆ జబ్బు ఎందుకు వచ్చిందో ఎవరూ తేల్చి చెప్పలేదు. నీళ్లన్నారు కొందరు. పలకల గనిలో ఎండకు రాయి మోసినందుకు అన్నారు ఇంకొందరు. ఒళ్లునొప్పులకు మింగిన బిళ్లల మీదికి కూడా పోయింది మాట.

తొలి సెలవుకు వచ్చినప్పుడు, సూదిపోట్లకు ఉబ్బిన నాయన చెయ్యి చూసి తమ్ముడు నోరు జారాడు.

"నాయనా, మా దగ్గరికి ఒక మందు వచ్చింది. పేరు లేదు, నంబరే. కిడ్నీలకంట. గాజు పళ్లేల్లో పెంచిన కణాల మీద బాగా పనిచేసిందంట. ఇప్పుడు ఎలకల మీద మొదలుపెట్టినాం."

ఓదార్పుకు అన్న మాట. బయట చెప్పకూడని మాట కూడా. ఆ మాటతోనే నాయన రోజులు నెట్టుకొచ్చాడు. ఫోను వచ్చినప్పుడల్లా మొదట అదే అడిగేవాడు: "ఎలకలు ఎట్లుండాయిరా?"

నేను ఊరుకోలేక బుధవారం చర్చిలో జరిగే స్త్రీల కూటంలో ఆ ఎలుకల కోసం ప్రార్థించమని అడిగాను. మా వీధి చివర ఉండే పెద్దమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఎలకలకు ప్రార్థన ఏందే పిల్లా! మా ఇంట్లో కందుల బస్తా కొరికేటివి ఉండాయి, వాటిని గూడా కలుపుకోమంటావా?"

అందరూ నవ్వారు. నవ్వుతూనే మోకరించారు. బడికి పోని నాకు పాటల పుస్తకం ముందు పెట్టి అక్షరాలు నేర్పింది నాయనే. ఆయన కోసం ఏమి అడగడానికైనా నాకు సిగ్గు లేదు.

ఈ సంగతి ఫోనులో తమ్ముడికి చెప్పాను.

"ఏ ఎలకలకు చేసినారక్కా?"

"ఏ ఎలకలేంది? మీ ఎలకలకే. అన్నీ బాగుపడాలని."

"అన్నీ బాగుపడితే కుదరదు. వాటి కిడ్నీలు మేమే చెడగొడతాం. సగం వాటికి గొంతులోకి సన్నగొట్టం పెట్టి మందు పోస్తాం, సగం వాటికి వట్టి నీళ్లు. నీళ్లు తాగినవి పడిపోయి, మందు తాగినవి నిలబడితేనే మందు పనిచేసినట్టు. నీళ్లవి గూడా కోలుకుంటే మందు గొప్పేముంది?"

"అయితే వాటికి చెయ్యొద్దా?"

"నాకేం తెలుసక్కా. రోజూ వాటిని తూకం వేసేది నేనే. ఆ నీళ్ల గుంపు పెట్టె తెరవాలంటే చెయ్యాడదు."

తర్వాతి బుధవారం ఏమని అడగాలో తెలియలేదు. కొన్ని ప్రాణాలు పడిపోవాలని దేవుణ్ణి అడగడానికి నోరు రాలేదు. నాయన పేరు మాత్రం చెప్పి కూర్చున్నాను.

మందు తాగిన ఎలుకలు నిలబడ్డాయి. ఆ కబురు విన్న రోజు నాయన చాలాకాలానికి గడ్డం గీయించుకున్నాడు. తమ్ముడు ఇంటికి వస్తే అన్నం దగ్గర పక్కన కూర్చోబెట్టుకుని గొంతు తగ్గించాడు.

"ఒక్క సీసా తేరా. చిన్నది. ఎవురికి తెలుస్తాది?"

"తేకూడదు నాయనా. ఇంకా కుక్కల మీద చూడాల. ఎంత మోతాదుకు లోపల ఏది చెడుతాదో తెలియాల. అది దాటినాకనే మనిషికి. ఏండ్లు పడతాది."

"ఏండ్లు నాకేడుండాయి? చెడితే నేనే గదా చెడేది. ఎట్లాగూ పోయేటోన్నే."

"నా చేత్తో పొయ్యలేను."

"ఎలకలకు పోస్తావు. కన్నతండ్రికి పొయ్యవు."

తమ్ముడు సగం అన్నంలో లేచి చెయ్యి కడుక్కున్నాడు. ఆ తర్వాత వాడి ఫోను వస్తే నాయన మాట్లాడకుండా నా చేతికి ఇచ్చేవాడు. ఆ సీసా తెమ్మని నేను కూడా వాణ్ణి బతిమాలాను. వాడు కదల్లేదు.

ఎండలు ముదరకముందే ఒక పొద్దున వాడు చెప్పాపెట్టకుండా గిద్దలూరులో బస్సు దిగి వచ్చాడు. భుజాన సంచి అట్లాగే ఉండగా నాయన మంచం పక్కన నేల మీద కూలబడ్డాడు.

"మందు ఆపేసినారు నాయనా. కుక్కలకు కాలేయం చెడింది. తక్కువ మోతాదుకే కళ్లు పచ్చబడినాయి. ఎలకల్లో ఇది అస్సలు కనపడలా."

"ఆ కుక్కలేమైనాయి?"

"అన్నిట్నీ చంపి లోపల కోసి చూసినారు. బాగుండేవాటిని గూడా. అట్ల చూస్తేనే తెలిసేది."

"నువ్వుండావా అక్కడ?"

"పట్టుకునింది నేనే."

నాయన వాడి చేతులు చూశాడు. "నువ్వు తెచ్చింటే తాగేటోన్ని" అన్నాడు.

"తెలుసు నాయనా."

పొద్దుటి ప్రార్థన రోజూ నాయనే చేస్తాడు. ఆ రోజు నావైపు చూసి తల ఊపాడు. నేను చేశాను. తమ్ముడి మనసు గట్టిగా ఉంచినందుకు కృతజ్ఞత చెప్పాను. ఆ మందు మా గడప తొక్కనందుకు చెప్పాను. ఆ కుక్కల గురించి ఏమనాలో తెలియక, వాటిని తలచుకుని కూడా స్తోత్రం అన్నాను. మనసారా అన్నవే ఆ మాటలు. అయినా ప్రార్థన తొందరగా ముగించాను.

తమ్ముడు ఆమెన్ అన్నాడు. నాయన అనలేదు. కళ్లు తెరుచుకునే కూర్చుని ఉన్నాడు.

"ఆటో వచ్చిందేమో చూడమ్మా" అన్నాడు. అది డయాలసిస్‌కు మార్కాపురం పోవాల్సిన రోజు.