కాలిక్యులేటర్‌లో మునిరత్నం సంతకం

దయ్యాలు, గాలీధూళీ అంటే ఎగతాళి చేసేవాణ్ని. లెక్కల మాస్టార్ని, లెక్కకు అందనిది ఏముంటుందిలే అనుకునేవాణ్ని. ఈ సంగతి మా ఇంట్లో కూడా చెప్పలేదు. భయంతో కాదు, సిగ్గుతో.

తిరుపతిలో ఇంజినీరింగు చదివేటప్పుడు మా క్లాసులో గ్రాఫింగ్ కాలిక్యులేటర్ ఒక్క గంగాధరానికే ఉండేది. వాళ్ల మామ సింగపూర్ నుంచి తెచ్చినాడు. ఒంటి నిండా మీటలు. సమీకరణం కొడితే తెర మీద గీత పాకుతా వచ్చేది. "ఒక్కసారి ఇయ్యబ్బా" అని అందరూ వాడి చుట్టే. ఫస్టు మార్కులు నావి, గుంపు మాత్రం వాడి దగ్గర. నాకు కడుపు మండేది.

వాళ్లూరు ఐరాల నుంచి వాళ్ల నాయన మునిరత్నం ఒకసారి హాస్టలుకు వచ్చినాడు. గంగాధరం ఆయన వేలు పట్టుకుని బాణం మీటలు నొక్కించి, చుక్కా చుక్కా పేర్చి, తెర మీద సంతకం పెట్టించినాడు. 'ని' గుడి మేకకొమ్ములా పక్కకు వాలిపోయింది. "మిషన్లో కూడా నా పేరు వంకరే గదప్పా!" అని నవ్వినాడు పెద్దాయన. ఆ వానాకాలంలోనే పాము కరిచి పోయినాడు. గంగాధరం రోజూ ఆ సంతకం తీసి చూసుకునేవాడు.

పరీక్షకు ఆ రకం కాలిక్యులేటర్ లోపలికి రానీయరు. వాడు వరండాలో కిటికీ మీద పెట్టి పోయినాడు. నేను ముందే రాసేసి బయటికొచ్చినాను. వాడు దాచుకున్న సూత్రాలన్నీ పోవాలని మెమరీ మొత్తం చెరిపేసినాను. సంతకం కూడా అందులోనే ఉండాదని తెలుసు. తెలిసే చేసినాను.

వాడు వచ్చి ఆన్ చేసి చూసి, ఆడనే కూలబడిపోయినాడు. "నాయన పోయినాడు రా" అన్నాడు.

"బ్యాటరీ అయిపోయుంటాదిలే అబ్బా" అన్నాను. ఛీ, ఏం నోరు నాది!

ఇప్పుడు విదేశీ పరీక్షలకు చదివే పిల్లకాయలకు లెక్కలు చెప్తాను. ప్రతి ఒక్కరి దగ్గరా రంగుల తెర కాలిక్యులేటరే. పోయిన నెల ఒక పొద్దున, నేనూ కొత్తది కొని, వాళ్ల ముందే సీలు తీసి, ప్రొజెక్టర్‌కు కలిపి, త్రికోణమితిలో వచ్చే అలలాంటి సైన్ గీత గీసినాను. గీత పూర్తయింది. ఆ తర్వాత దాని కింద ఒక్కో చుక్కే పడతా పోయింది. మునిరత్నం. 'ని' గుడి పక్కకు వాలి ఉండాది.

నేనొక్కణ్నే చూసుంటే భ్రమ అనుకుందును. "ఎవరి సంతకం సార్ అది?" అని ముందు బెంచీ పాప అడిగింది.

అప్పుడన్నా నిజం చెప్పుండాల. కనీసం దాన్ని అట్లే ఉంచి గంగాధరానికి ఫోన్ చేసుండాల. నంబరు నా దగ్గరే ఉండాది. "కంపెనీ వాళ్లదేదోలే" అని నవ్వి, మళ్లా చెరిపేసినాను.

ఆ తర్వాత ఎన్నిసార్లు గీసినా సైన్ గీత ఒక్కటే వస్తా ఉండాది. సీలు తీయని మిషన్లోకి ఆ సంతకం ఎట్లొచ్చిందో నాకు ఈరోజుకీ తెల్దు. రెండుసార్లూ చెరిపింది మాత్రం నేనే.

గంగాధరానికి ఇంకా ఫోన్ చేయలేదు.