ఫెర్నాండ్ పిట్టలు

నోస్పెల్ట్ ఊరి కుమ్మరి ఫెర్నాండ్‌కి డెబ్బై దాటాయి. ఈస్టర్ సోమవారం సంతకి మట్టిపిట్టల ఈలలు చేస్తుంది. కాల్చకముందు పచ్చిమీదే ప్రతి పిట్టనీ తోకలోంచి ఊది చూస్తుంది కాబట్టి పెదవి మీద ఎప్పుడూ మట్టి మరకే. ఆ పిట్టని పెక్‌ఫిల్షెన్ అంటారు. ఫిల్షెన్ అంటే బుల్లిపిట్ట అని ఊరందరికీ తెలుసు. ముందున్న ‘పెక్’ ఎక్కణ్ణించి వచ్చిందంటే మాత్రం ఆమె మనిషికో కథ చెబుతుంది. ఒకరితో గింజలు పొడవడం అంటుంది, ఇంకొకరితో పెక్ అనే ముత్తాత పేరు అంటుంది.

పక్కింటి పోర్చుగీసు పిల్ల లుర్దెస్ పౌరసత్వానికి మాట్లాడి చూపాల్సిన స్థానిక భాషా పరీక్ష ఒకసారి తప్పింది. నలుగురిలో నోరు పెగలదు. అందుకని చలికాలమంతా ఫెర్నాండ్ పక్కన మట్టి పిసుకుతూ మాట్లాడ్డం నేర్చుకుంది. రెండోసారి పరీక్ష కాగానే తిన్నగా ఇక్కడికే వచ్చింది.

“పిన్నీ, పరీక్ష పెట్టినావిడ సంత బొమ్మ చూపించి మాట్లాడమంది. నీ కథలన్నీ చెప్పేశాను. ఆపమన్నా ఆపలేదు.”

“ఏమంది మరి?”

“పాసైనట్టేనంది. కానీ ఆ పేరు సంగతి అలా కాదట. చిన్నప్పుడు సంతలో ఫెర్నాండ్ అనే ఆవిడ తనకి వేరేలా చెప్పిందట.”

ఫెర్నాండ్ చేతులు తుడుచుకుని కుర్చీ దగ్గరికి లాక్కుంది.

“అవునా? ఏం చెప్పానట? బాగుందా?”