ఫాదర్ అబద్ధమాడిన రోజు

పద్మారావు నగర్‌లో నిన్న జేసీబీ కూల్చిన గోడ దుమ్ము ముక్కుకు తగలగానే మా బడి ఆయా యాదమ్మ గుర్తొచ్చింది.

అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. "మనుషుల హక్కులను కాపాడటం ప్రభుత్వ బాధ్యత. మా చర్చి బోధించేదీ అదే," అని మా బడి నడిపే ఫాదర్ క్లాసులో చెప్పారు. అందుకే బడి వెనక యాదమ్మ వాళ్లుండే గుడిసెల దగ్గర పోలీసులు దిగితే, యాదమ్మను కాపాడటానికే వచ్చారనుకుని చప్పట్లు కొట్టాను.

అడ్డం నిలబడ్డ ఫాదర్‌ను అధికారి పక్కకు నెట్టాడు. "మీ ప్రార్థన మీరు చేస్కోండి ఫాదర్. గీ లొల్లి మీకెందుకు?"

"జెర ఆగుండ్రి సారూ, బియ్యం సుత తీస్కోనియ్యరా?" అని యాదమ్మ మొత్తుకుంటుండగానే గుడిసె కూలింది.

"మీరు అబద్ధం చెప్పారు!" అని ఫాదర్ మీద అరిచాను. ఆయన వంగి యాదమ్మ గిన్నెలు ఏరసాగారు. ఏడాదిపాటు నేను ఆయనతో మాట్లాడలేదు.

సర్కారు ఏం చేయాలో ఆయన చెబితే, ఏం చేస్తుందో చెప్పారనుకున్నాను. ఆ కోపం నాకింకా తగ్గలేదు. అది ఎవరి మీద చూపాలో మాత్రం ఇప్పుడు తెలుసు.