ఉసామి గారిని వేగం అడగొద్దు

ఉసామి గారిని ఏదైనా అడిగితే అంతకుముందు మనకు తెలిసింది కూడా పోతుంది. మా చేపల డబ్బాల కంపెనీ బేస్‌బాల్ జట్టులో వంటవాళ్లతో సహా అందరికీ ఈ సంగతి తెలుసు. బ్యాటర్ వెనక ఒక రాడార్ పెట్టె నిలబెట్టుకుని, పిచ్చర్ విసిరిన బంతి ఎంత వేగంగా వచ్చిందో, ఎలా తిరిగిందో, ఎటు వంగిందో తెరమీద చూడటం ఆయన పని. సాధనలో ఆ బంతులు పట్టేది నేను, నా పేరు మొగి. గ్లవ్ ఠప్పుమనేలా పట్టి "మంచి బంతి" అని అరవడం నా ఉద్యోగం. బంతి మంచిదవ్వాలని నియమం లేదు.

కొత్తల్లో ఒకసారి అన్నాను: "బంతి చివర్లో పైకి లేచిందండీ."

"లేవలేదు. తక్కువ పడింది."

"నా కళ్లతో చూశానండీ."

"నీ కళ్లు ఇంకా కిందికి పడుతుందనుకున్నాయి. బంతి వెనక్కి తిరుగుతూ వస్తే గాలి కాస్త ఎత్తి పడుతుంది. పడాల్సినంత పడలేదు, అంతే."

"అయితే లేచినట్టేగా?"

"పడినట్టే."

ఆ మధ్యాహ్నం నా ఉదోన్ నూడుల్స్ గిన్నెలోకి కూడా అనుమానంగానే చూశాను. మీ ఆవిడ కోపం తగ్గిందా అని ఎవరో అడిగితే, "తగ్గలేదు, పెరగాల్సినంత పెరగలేదు" అన్న మనిషి ఆయన.

మా మేనేజరు నెగిషి గారికి ఒక్క అంకె చాలు. గంటకు నూట నలభై కిలోమీటర్లు దాటకపోతే ఆయన దృష్టిలో అది బంతే కాదు. శరత్కాలంలో ఆయన ఎవరి భుజం తడితే వాడు ఆట మానేసి డబ్బాల్లో చేపలు సర్దుకోవాలి. అందుకే ఆ రోజుల్లో మాలో ఎవరూ మెచ్చుకోవడానికైనా ఇంకొకరి భుజం తట్టరు.

ఆ ఏడు అందరి కళ్లూ మా పిచ్చర్ తోగాషి భుజం మీదే. నొప్పి వచ్చి వేగం పడిపోయింది. ఆట తప్ప వాడికి ఇంకోటి తెలియదు. నేను గ్లవ్ ఎంత మోగించినా రాడార్‌కు చెవులు లేవు కదా.

నెగిషి గారు రోజూ వచ్చేవారు. "ఉసామీ, వీడి వేగమెంత?"

"ఏ వేగమండీ? చెయ్యి వదిలినప్పుడా, బ్యాటర్ దగ్గరా? మధ్యలో గాలి కొంత తినేస్తుంది."

"వదిలినప్పుడే చెప్పవయ్యా."

"చెప్తాను. కానీ ఏ ఇరుసు మీద తిరిగిందో ముందు తెలియాలి. బంతి మీద గడియారం ఊహించుకోండి."

నెగిషి గారు తన చేతి గడియారం చూసుకున్నారు.

"అది కాదండీ, బంతిది."

"బంతికి గడియారం ఎందుకయ్యా?"

పావుగంటకు ఆయన కణతలు నొక్కుకుంటూ వెళ్లిపోయేవారు. మర్నాడు మళ్లీ గడియారం. ఉసామి గారి మీద నాకు ఒళ్లు మండేది. దానికి తోడు సాధన అయ్యాక తోగాషిని కూర్చోబెట్టుకుని వాడి బుర్ర కూడా తినేవారు.

"నొప్పికి నీ చెయ్యి పక్కకు జారింది. బంతి తక్కువ పడటం మానేసింది. ఇప్పుడు ఎక్కువ పడుతోంది. పడనీ."

"అది మంచిదా, చెడ్డదా అండీ?"

"పడటం."

అర్థం కాకపోయినా వాడు చెయ్యి ఇంకాస్త దించి విసరసాగాడు. నా గ్లవ్ మోగడం మానేసింది. బంతి నేననుకున్న చోటికి రాకుండా కిందికి జారి నా మోకాలికి తగిలేది. అప్పుడు మాత్రం నేను "మంచి బంతి" అనలేదు.

చివరి సాధన మ్యాచ్‌లో తోగాషి బంతి బ్యాటు అడుగంచుకే తగిలింది. కొట్టినవన్నీ నేలమీద దొర్లుకుంటూ మావాళ్ల చేతుల్లోకే వెళ్లాయి, బ్యాటర్లు వరసగా అవుటయ్యారు. నెగిషి గారు గబగబా వచ్చారు. "వేగమెంత?" ఇక పావుగంట ఎలాగూ తప్పదని నేను ఆయనకు కుర్చీ లాగాను.

"నూట ఇరవై ఎనిమిది," అన్నారు ఉసామి గారు.

నా చేతిలో కుర్చీ నా చేతిలోనే ఉండిపోయింది.

"ఇంత తక్కువా? ఇన్నాళ్లూ ఇంతేనా?"

"ఇంతేనండీ."

"ఒక్క మాటలో చెప్పడం నీకు వచ్చా?"

"వచ్చండీ. అప్పుడే చెబితే వాడి భుజం తట్టేవారు కదా."

నెగిషి గారు తోగాషి వైపు తిరిగారు. చెయ్యెత్తారు. తోగాషి గబుక్కున భుజం వెనక్కి తీసుకున్నాడు. నెగిషి గారు ఆ చేత్తో తల గోక్కుని వెళ్లిపోయారు.

ఉసామి గారి మీద ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో చెప్పలేను. రాడార్ పెట్టె మోయడానికి సాయం పట్టి అడిగాను. "ఆ గడియారం గోలంతా తోగాషి కోసమేనాండీ?"

"కోసం అని ఎలా అంటాం? అది ఎటు తిరుగుతుందో ముందు చూడాలి. గడియారం ఊహించుకో."

బుద్ధిగా ఊహించుకున్నాను. ఇప్పటికీ అర్థం కాలేదు.