సాక్ష్యంలో చెప్పిన ఆకు

చిల్లకల్లు దగ్గర మా పల్లెలో సెగ్గడ్డలకు ఆకు కట్టేది మా పెద్దమ్మే. పెనుగంచిప్రోలు నుంచి కూడా ఆటోల్లో పిల్లల్ని తీసుకొచ్చేవారు. వాళ్ళను వాకిట్లో కూర్చోబెట్టి, దొడ్లోకి వెళ్ళి, ఆకు నూరిన ముద్ద మాత్రమే చేతిలో పట్టుకొని వచ్చేది. అది ఏ ఆకో ఎవరికీ చెప్పేది కాదు. చెబితే మందుకు గుణం పోతుందని, వాళ్ళ అత్తగారు ఆమె చేత ఒట్టు వేయించుకుందట.

నిరుడు పెద్దమ్మకు ఆయాసం మొదలైంది. గుండె బలహీనపడిందని జగ్గయ్యపేట డాక్టరు చెప్పాడు. ఆమెకు పిల్లల్లేరు. ఆ ఆకు సంగతి ఆమెతోనే పోతుందన్న దిగులు నాకు పట్టుకుంది. ఒక సాయంత్రం మంచం పక్కన కూర్చుని అడిగాను.

“నాకొక్కదానికన్నా చెప్పు పెద్దమ్మా.”

“చెప్పాక పని చెయ్యకపోతే? ఆ పసోళ్ళ ఉసురు నాకొద్దే.”

“గుణం ఇచ్చింది మీ అత్తా, దేవుడా?”

“నాకే వాక్యం చెబుతున్నావా? నీకు ప్రార్థన నేర్పింది ఎవరే?”

బైబిల్లోంచి ఆమె నేర్పిన వాక్యమే గుర్తు చేశాను. చావుబతుకుల్లో ఉన్న రాజు పుండు మీద అంజూరపు ముద్ద కట్టమని ప్రవక్త బాహాటంగానే చెప్పాడు. చెప్పినా రాజు బతికాడు. పెద్దమ్మ గోడవైపు తిరిగి పడుకుంది.

ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేళ్ళు చెప్పుకునే సాక్ష్యాల వేళ, నా భుజం పట్టుకొని లేచింది. సంచిలోంచి పసుపు పూలున్న కొమ్మ తీసి సంఘానికి చూపించింది.

“ఇదే. తుత్తురబెండ. నూరి, వెచ్చజేసి కట్టండి. దేవుడిచ్చింది ఇన్నాళ్ళూ దాచుకున్నా.”

“ఓసి అత్తో, మా మేకలు మేసేది అదేగా” అంది వెనకనుంచి ఒకామె.

“మరి మీ మేకలకెప్పుడన్నా గడ్డ లేచిందా?”

అందరూ నవ్వారు.

ఆ తర్వాత కొన్నాళ్ళు మా గుమ్మంలోకి ఎవరూ రాలేదు. పని చెయ్యడం లేదేమోనని పెద్దమ్మ అన్నం కూడా సరిగా తినలేదు. చివరకు సంఘంలోని ఒక పిల్లతల్లి ఒళ్ళో పాపతో, చేతిలో ఆ ఆకుతో వచ్చింది. పాప మెడ మీద గడ్డ ఎర్రగా ఉబ్బి ఉంది.

“మీ చేత్తోనే నూరండి మామ్మా. నా చేత్తో అయితే గుణం ఉండదేమో.”

నిన్నటిదాకా పెద్దమ్మ భయమూ అదే. అయినా రోలు ఆ పిల్లతల్లి ముందుకు జరిపింది.

“నువ్వే నూరు తల్లీ. ప్రార్థన నేను చేస్తా.”

వారం తిరక్కుండానే ఆ తల్లి పాపను ఎత్తుకొని మళ్ళీ వచ్చింది. గడ్డ పగిలి, చీము పోయి, పుండు మానుతోంది. పెద్దమ్మ ఆ చోట వేలితో తడిమి చూసి స్తోత్రం చెప్పింది.

“మీ వీధిలో ఎవరికన్నా లేస్తే నువ్వే కట్టు. నా దాకా పంపమాక.”