వాగంచు కుట్టు కొట్టు

అరబ్బు దేశంలో ఇబ్రా పట్నం దాటి కొంత దూరం పోతే వచ్చే ఆ చిన్న ఊరిని ఒక వాగు రెండుగా చీలుస్తుంది. వానలు లేనన్నాళ్లూ అందులో గులకరాళ్లు, మేకలు తప్ప ఏమీ కనిపించవు. ఎగువ పేట కొండవాలున ఉంది. జిల్లా పాలన చూసే వాలీ గారి తరఫు అధికారి ఆఫీసు, బడి, కొత్త విల్లాలు అక్కడే. దిగువ పేటలో ఖర్జూర తోటలు, పాత మట్టి ఇళ్లు. పేటకొక పెద్ద ఉన్నాడు. బలదియా, అంటే మునిసిపాలిటీ, మాత్రం ఊరంతటికీ ఒకటే.

ప్రొద్దుటూరు నుంచి వచ్చిన ఖతీజా కుట్టు కొట్టు సరిగ్గా వాగంచున, ఏ పేటకూ చెందని చోట ఉండేది. భర్త ఖాదర్‌వలి బలదియా చెత్త లారీ డ్రైవరు. ఆమెకు కొట్టు లైసెన్సు ఇప్పించింది ఎగువ పేట పెద్ద భార్య ఉమైమా. తెరిచిన రోజునే ఇంటి ఆడవాళ్లందరినీ వెంటబెట్టుకొచ్చి కొలతలిప్పించింది కూడా ఆమే.

ఒక ఏప్రిల్ మధ్యాహ్నం కొండల మీద వాన పడింది. ఊళ్లో చినుకు లేదు. వాగు హోరు వినబడుతున్నా ఖతీజా జనం బట్టలు మూట గడుతూ ఉండిపోయింది. దిగువ పేట ముసలామె ఒకతె లోపలికొచ్చి ఆమె జబ్బ పట్టుకుంది.

"బట్టలు పోతే పోనీ, పిచ్చిదానా, నడువ్!"

ఇద్దరూ తోట గోడెక్కేసరికి కొట్టు తలుపు నీళ్ల మీద కొట్టుకుపోతోంది.

ఆ తర్వాత వాగంచున కొట్లు పెట్టకూడదని ఆఫీసువాళ్లు తేల్చారు. ఏదో ఒక పేటకు మారాలి. ఇద్దరు పెద్దలూ గది ఇస్తామన్నారు. ఖతీజాకు అన్నం సహించలేదు.

"నువ్వే చెప్పబ్బా, యా పక్కకు పోదాం?" అని మొగుణ్ణి అడిగింది.

"కుట్టేది నువ్వు. నన్నడిగితే ఎట్ల?" అన్నాడు ఖాదర్‌వలి.

"పైనోళ్లకు కార్లుండాయి, యాడికైనా పోతారు. కిందుండే ముసిలోళ్లు ఆ ఎత్తు ఎక్కలేరు."

"అంటే నువ్వు తేల్చుకున్నట్టే గదా!"

ఎవరి నోటనో వినకముందే ఉమైమాకు తానే చెప్పాలని ఎగువ పేటకు పోయింది. ఉమైమా కాఫీ పోసి, ఖర్జూరాలు ముందుకు జరిపి, చివరిదాకా విన్నది.

"నీ ప్రాణం కాపాడింది వాళ్లు. సరే," అంది. "మా అమ్మాయి పెళ్లి బట్టలు ఇబ్రాలో కుట్టించుకుంటాం. ఖలాస్."

ఖతీజా కప్పు కింద పెట్టి లేచింది.

మొదట్లో దిగువ పేటలో తెరిచిన కొత్త కొట్టుకు ఎగువ పేట నుంచి ఎవరూ రాలేదు. రంజాను దగ్గర పడ్డాక ఒకరిద్దరు కారు ఎదురుగా ఆపకుండా, తోట వెనక ఆపి వచ్చారు. ఆ తర్వాతి పండక్కి ఎదురుగానే ఆపడం మొదలెట్టారు. ఉమైమా మాత్రం రాలేదు. సంతలో ఎదురైతే నిలబడి, ఖాదర్‌వలి ఆరోగ్యం అడిగి, సలాం చెప్పి వెళుతుంది. ఖతీజా కూడా ఆమె పిల్లల క్షేమం అడుగుతుంది. బట్టల మాట ఇద్దరూ ఎత్తరు.